నెత్తురు చెప్పిన సాక్ష్యం

ప్రతి సంవత్సరం మన కళాశాల వార్షిక సంచిక వెలువడే వేళకు తెలుగు శాఖ తరఫున ఏదో ఒక సాహిత్య వ్యాసం సమర్పించడం మాకు అలవాటు. ఒకసారి వేమన, మరొకసారి జాషువ, ఇంకొకసారి సామెతలు, ఇలా మాకు తెలిసిన తోటలోనే నాలుగు పూలు కోసి ఇస్తూ వచ్చాము. ఈ సంవత్సరం ఆ గట్టు దాటి వైద్యశాస్త్రమనే పొరుగు పొలంలో అడుగుపెట్టే సాహసం చేస్తున్నాము. తెలుగు మాస్టారికి రక్తపరీక్షలతో ఏమి పని అని విద్యార్థులు నవ్వుకోవచ్చును. పని పడింది. మా ఇంటి బిడ్డ ఒకతె జబ్బు పడగా, ఆ జబ్బును గూర్చి వైద్యులను అడిగి, దొరికినవి చదివి, అర్థం కాని చోట మన జంతుశాస్త్ర శాఖలోని సహాధ్యాపకులను విసిగించి, కొంత తెలుసుకొన్నాము. తెలుసుకొన్నదానిని మా గడప లోపలే ఉంచుకోవడం భావ్యం కాదనిపించింది. రేపు మీలో ఎందరో ఉపాధ్యాయులు కాబోతున్నారు, తల్లిదండ్రులు కాబోతున్నారు. కనుక ఇది మీకు ఉపయోగపడవలసిన విషయమే.

ముందుగా శరీర ధర్మాన్ని గూర్చి ఒక మాట. బయటి నుండి రోగక్రిమి ప్రవేశించినప్పుడు నెత్తురులోని తెల్లకణాలలో ఒక తెగ కొన్ని ప్రత్యేకమైన ప్రోటీన్లను తయారు చేస్తుంది. వీటినే ఇంగ్లీషులో యాంటీబాడీలని, తెలుగులో ప్రతిరక్షకాలని అంటున్నారు. తాళానికి తగిన తాళపుచెవి ఉన్నట్లు, ఒక్కొక్క ప్రతిరక్షకం ఒక్కొక్క పరాయి పదార్థాన్ని పట్టుకొనేటట్లు తయారవుతుంది. టీకాలు పనిచేసేది చాలవరకు వీటి బలంతోనే. ఈ ఏర్పాటంతటికీ మూలం ఒక వివేకం. ఇది నాది, అది పరాయిది అన్న ఎరుక శరీరానికి ఉండాలి. ఆ ఎరుక చెదిరి, తన కణాలలోని పదార్థాలనే పరాయివిగా ఎంచి వాటిపై ప్రతిరక్షకాలను తయారు చేసికొన్నప్పుడు, వాటిని స్వప్రతిరక్షకాలు, అనగా ఆటోయాంటీబాడీలు అంటారు.

ఇటువంటి విపరీతం సంభవించగలదని పెద్ద పెద్ద శాస్త్రజ్ఞులు సైతం వెంటనే నమ్మలేదు. 1900 ప్రాంతంలో జర్మనీ దేశస్థుడైన పాల్ ఎర్లిక్, శరీరం తన్ను తాను విషపూరితం చేసికోవడానికి సమ్మతించదని తలచి, ఆ స్థితికి లాటిన్ భాషలో ‘హారర్ ఆటోటాక్సికస్’ అని ఒక భయంకరమైన పేరు పెట్టాడు. ఎంతో కాలం గడవకముందే, 1904లో, డొనాత్, లాండ్‌స్టైనర్ అనే ఇరువురు ఒక వ్యాధిని పరిశీలించి, చలి సోకినప్పుడు తన ఎర్రకణాలను తానే చెరుపుకొనే నెత్తురు కూడ ఉన్నదని నిరూపించారు. ఎర్లిక్ అసాధ్యమనుకొన్నది లోకంలో ఉన్నదని తేలింది. నేడు ఆ కోవకు చెందిన వ్యాధులు ఎన్నో వైద్యులకు తెలుసు.

వాటిలో పిల్లల కండరాలకు, చర్మానికి వచ్చే ఒక వ్యాధి ఉన్నది. పేరు జువెనైల్ డెర్మటోమయోసైటిస్. పేరు పొడుగే గాని విడదీస్తే సులభం. డెర్మా అంటే చర్మం, మయో అంటే కండరం, చివరి ప్రత్యయానికి వాపు, తాపం అని అర్థం. మొదటి మాట అది బాల్యంలో వచ్చినదని చెబుతుంది. డెర్మటోమయోసైటిస్ అన్న పేరు 1891లో ఉన్‌వెరిఖ్ట్ అనే జర్మన్ వైద్యుడు పెట్టినది. ఇది అరుదైన జబ్బు. ఏటా పది లక్షల మంది పిల్లలలో ఇద్దరి నుండి నలుగురికి వస్తుందని పాశ్చాత్య దేశాల లెక్క. మగపిల్లలకంటె ఆడపిల్లలలో ఎక్కువ. సగటున ఏడేళ్ల ప్రాయంలో బయటపడుతుంది. తుంటి, తొడలు, భుజాలు, మెడ, ఈ భాగాల కండరాలు రెండు వైపులా సమంగా బలహీనపడతాయి. బిడ్డ మెట్లెక్కలేదు, నేల మీద నుండి లేవలేదు, చేయెత్తి తల దువ్వుకోలేదు. కనురెప్పల మీద ఊదారంగు కమ్ముతుంది, వేళ్ల కణుపుల మీద ఎర్రని పొక్కుల వంటి మచ్చలు లేస్తాయి. ముదిరితే మింగడం కష్టమవుతుంది, గొంతు మారుతుంది. కొందరికి ఊపిరితిత్తులు సైతం దెబ్బతింటాయి.

మా చెల్లెలి కూతురికి 2019 వేసవిలో ఏడేళ్లు. అంతవరకు చింతచెట్టు కొమ్మలను లెక్కచేయని పిల్ల. ఆ వేసవి సెలవులు ముగిసేసరికి రెండు మెట్లెక్కి నిలబడిపోయేది. బడిలో ఆటల గంటలో కూర్చుండిపోయేది. ‘అమ్మాయికి ఒళ్లు వంగడం లేదు, గారాబం తగ్గించండి’ అని డైరీలో వ్రాసి పంపారు. కనురెప్పల రంగు చూసి సుర్మా పడలేదేమోనని మా చెల్లెలు దానిని మాన్పించింది. అసలు సంగతిని మొదట కనిపెట్టినది మా తల్లిగారు. ఆమె అక్షరాలు కూడబలుక్కొని చదివే మనిషి. మనవరాలు తన పక్కన నమాజుకు నిలబడినప్పుడు, సజ్దా నుండి లేవడానికి మోకాళ్ల మీద చేతులు మోపి, తన తొడలనే నిచ్చెనగా చేసికొని పైకి పాకుతున్నదని ఆమె గమనించింది. ‘పిల్ల బద్ధకంతో చేసేది కాదిది, బద్ధకస్తురాలు అల్లా ముందర ఇంత కష్టపడి లేవదు’ అన్నది. ఆ లేచే తీరును వైద్యగ్రంథాలలో గవర్స్ లక్షణం అంటారని మాకు తరువాత తెలిసింది.

పట్టణంలో ఒక వైద్యునికి చూపించారు. ఆయన రక్తపరీక్ష చేయించగా కాలేయానికి సంబంధించినవని మనం వాడుకగా చెప్పుకొనే ఎంజైములు రెండు ఎక్కువగా ఉన్నట్లు వచ్చింది. పచ్చకామెర్లకు ముందు దశ అని మందు వ్రాసి పత్యం పెట్టారు. ఆరు వారాలు మజ్జిగన్నం తిన్నది పాపం ఆ పిల్ల. ఆ రెండు ఎంజైములు కాలేయంలోనే గాక కండరాలలో కూడ ఉంటాయి. కండరం చెడినప్పుడు అక్కడ నుండి సైతం నెత్తురులోకి జారుతాయి. ఒక రాత్రి తాగిన నీళ్లు ముక్కులో నుండి వెనుకకు వచ్చేసరికి అందరికీ గుండె జారింది. అప్పుడు హైదరాబాదు తీసుకొని పోయాము. పిల్లల కీళ్లవ్యాధుల నిపుణురాలైన వైద్యురాలు మందుల చీటీలు చూడకముందే బిడ్డను నేల మీద కూర్చొని లేవమన్నది. తరువాత వేళ్ల కణుపులు చూసింది, గోళ్ల మొదళ్లలోని సన్నని రక్తనాళాలను భూతద్దంతో చూసింది. పత్యం ఆనాటితో ముగిసింది.

ఆమె వ్రాసిన పరీక్షలలో ఒకటి క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైముకు సంబంధించినది. ఇది కండరంలో ఉండవలసినది. కండర కణాలు చెదిరినప్పుడు నెత్తురులోకి పొంగి వస్తుంది. మా పిల్లకు వందలలో ఉండవలసిన అంకె వేలలోకి పోయింది. అందరికీ ఇలా పెరగదని, కొందరు పిల్లలలో కండరాలు చెడినా అంకె మామూలుగానే ఉండవచ్చునని ఆమె చెప్పింది. ఇక్కడ తెలుగువారు తెలుసుకొని సంతోషించవలసిన విషయం ఒకటి ఉన్నది. కండరం తన తక్షణ అవసరానికి శక్తిని ఫాస్ఫోక్రియాటిన్ రూపంలో దాచుకొంటుంది. ఆ పదార్థాన్ని 1927లో హార్వర్డులో ఫిస్కేతో కలిసి వెల్లడించినవాడు, 1895లో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ నిల్వను కండరానికి అందించే ఎంజైమే పైన చెప్పిన క్రియాటిన్ కైనేజ్. మా పిల్ల చీటీలోని ఆ అంకె వెనుక ఇంతటి కథ ఉన్నదని తెలిసి ఆశ్చర్యపోయాము.

జబ్బు పేరు తేలింది. ఐనను వైద్యురాలు అంతటితో ఆగక, స్వప్రతిరక్షకాల పరీక్ష కూడ చేయించాలన్నది. పేరు తెలిసిన తరువాత మళ్లీ పరీక్ష ఎందుకని మేము అడిగాము. ఆమె ఇచ్చిన సమాధానమే ఈ వ్యాసానికి ప్రాణం. ‘మాస్టారూ, మీ తరగతిలో అరవై మంది ఉంటారు. అందరినీ విద్యార్థులనే అంటారు. అందరూ ఒక్కటేనా? ఈ జబ్బూ అంతే. పేరు ఒక్కటే గాని అందరు పిల్లలలో ఒకే దారిన నడవదు. ఏ బిడ్డలో ఏ దారి పట్టవచ్చునో ఈ పరీక్ష కొంత ముందుగా చెబుతుంది’ అన్నది.

పరీక్ష చేసే విధానం చూడ ముచ్చటైనది. సన్నని కాగితపు పట్టీ వంటి దాని మీద, శరీర కణాలలో సహజంగా ఉండే కొన్ని ప్రోటీన్లను వరుసగా గీతలుగా అంటించి ఉంచుతారు. రోగి నెత్తురు నుండి తీసిన సీరంలో ఆ పట్టీని నానబెడతారు. సీరంలో ఏ ప్రోటీనుకు విరోధమైన ప్రతిరక్షకం ఉంటే అది పోయి ఆ గీతను పట్టుకొంటుంది. తరువాత రంగు వచ్చే ద్రావకం పోస్తే ఆ ఒక్క గీత నల్లబడుతుంది. మిగిలినవి తెల్లగానే ఉంటాయి. ఆశ్చర్యమేమంటే, ఈ వ్యాధికి ప్రత్యేకమైన ప్రతిరక్షకాలలో సాధారణంగా ఒక్కొక్క బిడ్డకు ఒక్కటే ఉంటుంది. రెండు కలిసి ఉండటం అరుదు.

ఈ ప్రతిరక్షకాల పేర్లు కొన్ని వినడానికి వింతగా ఉంటాయి. 1980లో ప్రకటించిన ఒకదాని పేరు జో-1. అది ఏ సంస్కృత ధాతువు నుండియో, గ్రీకు ధాతువు నుండియో వచ్చినది కాదు. ఎవరి నెత్తురులో దానిని మొదట గుర్తించారో ఆ జాన్ అనే రోగి పేరులోని మొదటి రెండక్షరాలు. రో, లా వంటి మరికొన్ని పేర్లు కూడ ఇలాగే రోగుల పేర్ల నుండి పుట్టాయి. రాజులు శాసనాలు చెక్కించి పేరు నిలుపుకొన్నారని మనం చరిత్రలో చదువుతాము. ఒక సామాన్య రోగి పేరు రెండక్షరాలై ప్రపంచంలోని ఆసుపత్రులన్నింటిలో నిలిచి ఉన్నదంటే, భాషను బోధించే మాకు అది గౌరవించదగిన నామకరణంగా తోచింది.

ఇక ఏ ప్రతిరక్షకం ఏమి చెబుతుందో సంగ్రహంగా మనవి చేస్తాము. పెద్దలలో తరచుగా కనిపించే జో-1 పిల్లలలో అరుదు. పిల్లలలో ఎక్కువగా అగుపించేవి రెండు. ఒకటి టిఫ్-1 గామా అనే ప్రోటీనుకు వ్యతిరేకమైనది. ఇది ఉన్న పిల్లలలో చర్మవ్యాధి విస్తారంగా ఉంటుంది, జబ్బు దీర్ఘకాలం సాగుతుంది, కొందరికి చర్మం క్రింది కొవ్వు కరిగిపోతుంది. పెద్దవారిలో ఇదే కనిపిస్తే వైద్యులు కేన్సరు కోసం వెదుకుతారు. పిల్లలలో అటువంటి సంబంధం కనిపించలేదు. రెండవది ఎన్.ఎక్స్.పి.-2 అనే ప్రోటీనుకు వ్యతిరేకమైనది. ఇది ఉన్నవారిలో కండరాల బలహీనత తీవ్రంగా ఉండటం, చర్మం క్రింద సున్నపు గడ్డలు ఏర్పడటం ఎక్కువ. మూడవది ఎం.డి.ఏ.-5 అనేది. దానిని జపానులో 2005లో పెద్దలలో గుర్తించి ప్రకటించారు. ఇందులో కండరాలు అంతగా చెడకపోవచ్చును గాని, చర్మంపై పుండ్లు, కీళ్లనొప్పులు, ఊపిరితిత్తుల వ్యాధి వచ్చే అవకాశం ఉన్నది. ఎం.ఐ.-2 అనే దానికి వ్యతిరేకమైన ప్రతిరక్షకం ఉన్నవారికి మచ్చలు స్పష్టంగా ఉన్నా, మందులకు సాధారణంగా బాగా లొంగుతుంది. ఎస్.ఆర్.పి. అనే దానికి వ్యతిరేకమైనది అరుదు. అది ఉంటే బలహీనత చాల తీవ్రం, చికిత్స కూడ కఠినంగా ఉండవలసి వస్తుంది.

మా పిల్ల పట్టీలో నల్లబడినది ఎన్.ఎక్స్.పి.-2 గీత.

ఆ కాగితం ఇంటికి వచ్చిన తరువాత జబ్బుకంటె పెద్ద గొడవ ఒకటి లేచింది. ‘సొంత నెత్తురే శత్రువైంది’ అని ఎవరో చెప్పిన మాట చుట్టాలలో ప్రాకింది. ఐతే ఆ నెత్తురు ఎవరిది, తండ్రి వైపుదా, తల్లి వైపుదా అన్న విచారణ మొదలైంది. అత్తవారింటిలో ఒక పెద్దామె, మా వంశంలో ఇటువంటివి లేవని తేల్చి చెప్పింది. ఆడపిల్ల కనుక జబ్బు సంగతి బయట పొక్కనీయరాదని, రేపు పెండ్లికి అడ్డమవుతుందని ఇంకొకరి సలహా. అంటుజబ్బేమోనని పక్కింటివారు తమ పిల్లలను ఆటకు పంపడం మానుకొన్నారు. ఒక సాయంత్రం మా చెల్లెలు మాకు ఫోను చేసి, ‘భాయీజాన్, ఇది నా పాలలోని దోషమా? చదువుకొన్నవారు గదా, దాచకుండా చెప్పండి’ అన్నది. మేము ఎన్నో పద్యాలకు ప్రతిపదార్థం చెప్పినవారమే. ఆ ఒక్క ప్రశ్నకు మా దగ్గర సమాధానం లేక, ఆమెను, బావగారిని, ఆ పెద్దామెను కూడ వెంటబెట్టుకొని మళ్లీ వైద్యురాలి వద్దకు పోయాము.

ఆమె ఎంతో ఓర్పుతో చెప్పింది. తల్లి కడుపులో ఉండగా బిడ్డకు తల్లి ప్రతిరక్షకాలు కొన్ని చేరే మాట నిజమే. కాని అవి బిడ్డ పుట్టిన మొదటి సంవత్సరంలోనే తరిగిపోతాయి. ఏడేళ్ల బిడ్డ నెత్తురులో నేడు ఉన్నది ఆ బిడ్డ శరీరం తయారు చేసికొన్నదే తప్ప, తల్లి ఇచ్చినది కాదు, పాలతో వచ్చినది అంతకంటె కాదు. ఇటువంటి వ్యాధులకు లోనయ్యే స్వభావం కొంత జన్యువులలో ఉంటుంది. ఆ జన్యువులు రెండు వైపుల నుండి కొద్దికొద్దిగా కలిసి వచ్చేవి, ఎక్కడా జబ్బు లేని ఇళ్లలో కూడ ఉండేవి. దాని మీద ఏదో అంటువ్యాధి సోకడమో, తీవ్రమైన ఎండ తగలడమో నిప్పురవ్వలా పని చేస్తుందని శాస్త్రజ్ఞులు అనుమానిస్తున్నారు. ఈ జబ్బు ఒకరి నుండి ఒకరికి అంటదు. తినకూడనిది తిన్నందుకు రాదు. ఇంత విన్న తరువాత ఆ పెద్దామె చాలసేపు మాట్లాడలేదు. లేచేటప్పుడు మాత్రం, ‘పద బిడ్డా’ అని మా చెల్లెలి చేయి పట్టుకొన్నది. ఏ మందు వేయకముందే ఆ పరీక్ష మా ఇంటిలో చేసిన చికిత్స అది.

మందులను గూర్చి కూడ చెప్పవలసి ఉన్నది. స్టెరాయిడ్లు వాడుకలోకి రాకముందు ఈ వ్యాధి వచ్చిన పిల్లలలో ఇంచుమించు మూడవ వంతు మంది మరణించేవారు, మూడవ వంతు అవిటివారయ్యేవారు, మిగిలినవారే కోలుకొనేవారు. నేడు మంచి చికిత్స అందిన చోట మరణాలు నూటికి రెండు మూడుకు మించడం లేదు. స్టెరాయిడ్లతో పాటు మెథోట్రెక్సేట్ అనే మందును మొదటి నుండియే ఇస్తారు. 22 దేశాలలో 139 మంది పిల్లలపై జరిగిన పరిశోధన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. స్టెరాయిడ్ ఒక్కటే ఇచ్చినదానికంటె దానికి మరొక మందు జతచేయడం మేలని, ఆ జతలలో మెథోట్రెక్సేటుతో హాని తక్కువని అందులో తేలింది. ఈ మెథోట్రెక్సేటును వారానికి ఒక్కసారి మాత్రమే వాడాలి. పొరపాటున రోజూ వాడితే ప్రాణాపాయం. దాని దుష్ఫలితాలను తగ్గించడానికి ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. మరల సుబ్బారావుగారినే తలచుకోవలసి వస్తున్నది. ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేయడం, దానికి విరోధిగా పనిచేసే మెథోట్రెక్సేటు వంటి మందులను రూపొందించడం, ఈ రెండూ అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నాయకత్వం క్రింద జరిగినవే. 1948లో ఆయన న్యూయార్కులో కన్నుమూశాడు. ఆయన పుట్టిన నేల మీది ఒక చిన్నపిల్ల ఆదివారం ఒక మాత్ర, మరునాడు ఇంకొక మాత్ర మింగుతూ ఉంటే, మేము ప్రతి వారం ఆయనకు మనస్సులో నమస్కరించేవారము.

స్టెరాయిడ్ల వలన పిల్ల ముఖం గుండ్రంగా ఉబ్బింది. బడిలో తోటి పిల్లలు ‘బూరెబుగ్గలు’ అని పేరు పెట్టారు. ఎదుగుదల కొంత మందగించింది. ఈ మందు హఠాత్తుగా మానితే ప్రమాదమని హెచ్చరించి వైద్యురాలు నెలనెలా కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చింది. ఎండ తగలకుండ నిండుచేతుల చొక్కా, గొడుగు తప్పనిసరి. ఇటువంటి పిల్లలను పూర్వం కదలనీయక పడుకోబెట్టేవారట. తగిన పర్యవేక్షణలో వ్యాయామం హాని చేయదని, మేలే చేస్తుందని ఇప్పుడు తెలిసింది. 2020లో లాక్‌డౌన్ వచ్చి హైదరాబాదు ప్రయాణం ఆగిపోయినప్పుడు మా తల్లిగారే వ్యాయామ గురువు. నేల మీద కూర్చోవడం, గోడ పట్టుకొని లేవడం, ఉదయం పది, సాయంత్రం పది. లెక్కకు తస్బీ పూసలు.

2021లో పిల్ల మోచేతి మీద చర్మం క్రింద బియ్యపుగింజంత గట్టిగా చేతికి తగిలింది. నొప్పి లేదు. మామూలుగా ఐతే ఎవరూ లెక్కచేయరు. కాని ఎన్.ఎక్స్.పి.-2 ఉన్న బిడ్డకు సున్నపు గడ్డలు రావచ్చునని, స్నానం చేయించేటప్పుడు కీళ్ల దగ్గర తడిమి చూస్తూ ఉండమని మా చెల్లెలికి రెండేళ్ల ముందే చెప్పి ఉన్నారు. ఆ వారమే చూపించారు. లోపల జబ్బు ఇంకా నివురుగప్పిన నిప్పువలె ఉన్నదని గ్రహించి వైద్యురాలు మందులు పెంచింది. గడ్డ అక్కడితో ఆగింది, మరొకటి రాలేదు. పిల్లల చేతులు వంకరపోయేంతగా, చర్మం చిట్లి సున్నం కారేంతగా ఇవి పెరగడం కూడ ఉన్నది. 2023లో స్టెరాయిడ్లు పూర్తిగా ఆపివేశారు. ఆ గింజంత గడ్డ మాత్రం ఈనాటికీ ఆమె మోచేతి మీద ఉన్నది. వైద్యపర్యవేక్షణ కొనసాగుతూనే ఉన్నది. మెట్లు మాత్రం ఎవరి చేయీ పట్టుకోకుండ ఎక్కుతున్నది.

ఐతే ఈ పరీక్షను బ్రహ్మవ్రాత అనుకోరాదు. వ్యాధి వచ్చిన పిల్లలలో సుమారు నూటికి అరవై మందిలోనే ఇటువంటి ప్రతిరక్షకం దొరుకుతుంది. దొరకలేదంటే జబ్బు లేదని కాదు. పట్టీ పరీక్ష ఒక్కొక్కసారి లేనిదాన్ని ఉన్నట్లు, ఉన్నదాన్ని లేనట్లు చూపవచ్చును. అందుచేత బిడ్డను కళ్లారా చూడని వైద్యం కేవలం కాగితం మీద నడవదు. ఒకే ప్రతిరక్షకం అన్ని జాతులలోనూ ఒకే తీరుగా ప్రవర్తించదు. ఎం.డి.ఏ.-5 ఉన్న జపాను పిల్లలలో ఊపిరితిత్తుల వ్యాధి భయంకరంగా వస్తుండగా, బ్రిటన్ పిల్లలలో అంతటి తీవ్రత అరుదు. ఇంకను, ఈ ప్రతిరక్షకాలే కండరాన్ని చెరుపుతున్నవా, లేక చెరుపు జరుగుతున్నదని తెలిపే గుర్తులు మాత్రమేనా అన్న ప్రశ్నపై పరిశోధన నడుస్తూనే ఉన్నది. న్యాయస్థానంలో సాక్షి వేరు, న్యాయమూర్తి వేరు గదా. ఈ పరీక్ష సాక్షి వంటిది. దాని మాట శ్రద్ధగా వినాలి, ఇతర సాక్ష్యాలతో సరిపోల్చాలి. తీర్పు మాత్రం దానిది కాదు.

ఉపాధ్యాయులుగా మాకు ఇందులో వేరొక పాఠం కనిపించింది. నెత్తురులోని సాక్షి పలికేసరికి ఆ బిడ్డ అప్పటికే నెలల తరబడి తన సాక్ష్యం తానే చెబుతూ వచ్చింది. కాళ్లు రావడం లేదు అన్నది. మెట్లు ఎక్కలేను అన్నది. పిల్లల మాటకు మన వద్ద విలువ తక్కువ. ఆడపిల్ల మాటకు మరీ తక్కువ. పట్టీ మీద గీత నల్లబడినప్పుడు గాని ఆమె అబద్ధమాడలేదని అందరూ ఒప్పుకోలేదు. బద్ధకమన్న మాట ఎంత తేలికగా డైరీలలోకి, ప్రోగ్రెస్ కార్డులలోకి ఎక్కుతుందో మనకు తెలియనిది కాదు. నిన్నటిదాకా పరుగెత్తిన బిడ్డ నేడు కూర్చుండిపోతే, నేల మీద నుండి లేవడానికి చేతులు ఊనుతుంటే, కనురెప్పల రంగు మారితే, దానిని వ్యాధి అని నిర్ణయించడం మన పని కాదు. ‘ఒకసారి మంచి వైద్యునికి చూపించండి’ అని తల్లిదండ్రులకు చెప్పడం మాత్రం మన పనే. ఈ జబ్బులో చికిత్స ఎంత తొందరగా మొదలైతే కండరం అంత దక్కుతుంది.

కళాశాల పాలకవర్గం పెద్దలకు కూడ ఈ సందర్భంలో ఒక విన్నపం. బాల్యంలో ఇటువంటి వ్యాధులతో పోరాడిన పిల్లలు నేడు బ్రతికి, చదివి, కళాశాలల గడప తొక్కుతున్నారు. వారి బలహీనత పైకి కనిపించదు. ఊతకర్ర ఉండదు, కట్టు ఉండదు. అటువంటి విద్యార్థి ఎవరైనా వైద్యుని పత్రంతో వస్తే, ఆ తరగతిని క్రింది అంతస్తుకు మార్చడం, ఎండలో జరిగే ప్రార్థన సమావేశం నుండి, కవాతు నుండి మినహాయించడం, ఆసుపత్రికి పోయిన రోజులకు హాజరు విషయంలో కొంత ఉదారంగా ఉండటం మనకు భారం కాదు. ఖర్చు లేని పనులే ఇవన్నీ. మన సంస్థ పేదపిల్లల కోసం వెలసినది. మెట్ల మీద ఆగిపోయిన ఒక్క బిడ్డ కూడ చదువు మానివేయరాదని మా కోరిక.

విద్యార్థులారా, మీలో విజ్ఞానశాస్త్రం చదివేవారు ఈ ప్రతిరక్షకాలను గూర్చి మాకంటె లోతుగా తెలుసుకొనగలరు. తెలుసుకొని, తెలుగులోను, ఉర్దూలోను, మీ ఊరిలోని అమ్మలకు అర్థమయ్యే మాటలలో వ్రాయండి. మా చెల్లెలు అడిగిన ప్రశ్నను ఈ రాత్రి ఏ ఊరిలోనో ఏ తల్లియో తనలో తాను అడుగుకొంటూ ఉంటుంది. ‘నీ పాలలో దోషం లేదమ్మా’ అని ఆమె భాషలో ఆమెకు చెప్పేవారు కావాలి.